బలానికి దినుసుల చిట్టా చాలదు

చెన్నై చూలైలో పాత మిద్దె తీయించి కొత్త ఇల్లు కట్టించే ఇంటాయన స్టీలు కొట్లో ముందుగా అడిగే మాట, ‘ఇది ఖనిజం నుంచి తీసిన ఇనుమా, తుక్కు కరిగించి పోసిందా?’ అదే మనిషి మోకాళ్ళ నొప్పులతో బాధపడే తల్లిని ఆస్పత్రికి తీసుకెళ్తే అడిగేది, ‘అమ్మ ఒంట్లో కాల్షియం ఎంతుంది?’ రెండు చోట్లా నమ్మకం ఒకటే. వస్తువు బలమంతా దాని దినుసుల్లో ఉంటుందని, మంచి దినుసు ఎక్కువ పడితే బలమూ ఎక్కువేనని. ఈ నమ్మకం కొట్టు యజమానికి ఉంది, ప్రకటనలు రాసేవాళ్ళకు ఉంది, మన పూర్వీకుల ఉక్కు గురించి గర్వంగా వ్యాసాలు రాసేవాళ్ళకూ ఉంది. ఇది తప్పని నా వాదన. ఈ తప్పు మనకు ఖరీదుగా పరిణమిస్తోంది. దీన్ని నమ్మి ఇళ్ళకు సరిపడని ఊచలు ఎంచుకుంటున్నాం, ఎముకల జబ్బును సగమే అర్థం చేసుకుంటున్నాం, ఒకప్పుడు ఉక్కు వండిన కోనసముద్రం కొలిమి దగ్గర జరిగిన పనిని తక్కువ చేసి చదువుతున్నాం.

చూలైని ఆనుకునే పెరియమేడు ఉంది. తోళ్ళ వ్యాపారానికి తరతరాలుగా పేరున్న పేట. తోలు బేరం ఎలా జరుగుతుందో చూసినవాళ్ళకు ఈ దినుసుల వాదం ఎంత పలచనిదో పుస్తకం తెరవకుండానే అర్థం కావాలి. ఒక పశువు చర్మం తీసుకోండి. దాని సారమంతా కొల్లాజెన్ అనే ప్రోటీను పోగులే. ఒకే తొట్టిలో, ఒకే తంగేడు చెక్క రసంలో, ఒకే కరక్కాయతో పదునైంది. అయినా వెన్ను, నడుము మీది తోలుకు ఒక ధర, పొట్ట కింది తోలుకు ఇంకో ధర. చెప్పు అడుగుకు నడుము ముక్కే కావాలంటారు. పొట్ట ముక్క లోపలి అస్తరుకు పోతుంది. నడుము మీద పోగులు దట్టంగా, ఒకదాని సందులోంచి ఒకటి దూరి, ఏటవాలుగా పైకి లేస్తూ అల్లుకుంటాయి. పొట్ట దగ్గర ఆ అల్లిక వదులు. పోగులు చర్మం వెంబడే పడుకుని ఉంటాయి కాబట్టి లాగితే సాగిపోతుంది. రెండు ముక్కలనూ పొడి చేసి రసాయన పరీక్షకు పంపితే ఏది ఏదో తేల్చడం కష్టం. వ్యాపారి మాత్రం ముక్కను మడిచి, మడత మీద లేచిన ముడతలు చూసి, బొటనవేలితో నొక్కి ధర చెప్పేస్తాడు. అతను చూస్తున్నది దినుసును కాదు, అల్లికను.

పచ్చి చర్మం సంగతి ఇంకా స్పష్టం. ఎండబెడితే చెక్కలా బిగిసిపోతుంది. నీళ్ళు పోగానే పోగులు ఒకదానికొకటి అంటుకుని జిగురు గట్టినట్టవుతాయి. పదును చేసిన తోలు ఎండినా మెత్తగా మడత పడుతుంది, ఎందుకంటే పోగులు విడివిడిగా నిలిచి ఒకదానిమీద ఒకటి జారగలుగుతాయి. ‘మరి అందులో చెక్క రసం కలిపారుగా, అది దినుసే కదా’ అని ఎవరైనా అనవచ్చు. నిజమే, కలిపారు. కానీ ఆ రసం కంటే ముందే, సున్నపు తొట్టిలో పోగులను విడదీసే పని సరిగ్గా జరగకపోతే తర్వాత ఎంత రసం పట్టించినా తోలు మొండిగానే మిగులుతుంది. అప్పటి గుంటూరు జిల్లా యలవర్రు నుంచి వచ్చి 1958లో అడయారులోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థకు సారథి అయిన యలవర్తి నాయుడమ్మ, ముడి తోళ్ళు అమ్ముకోవడం మాని తయారైన తోలు అమ్మాలని పట్టుబట్టాడు. తోలుకు విలువ పెరిగేది పనితనంలో అని ఆయనకు తెలుసు.

ఆ కొల్లాజెన్ లోపల ఏముందో మొదట చెప్పింది కూడా ఈ ఊరే. ఇది మన పిల్లలకు బడిలో గట్టిగా చెప్పాల్సిన సంగతి, చెప్పరు. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్ర శాఖకు వచ్చిన జి.ఎన్. రామచంద్రన్, తన శిష్యుడు గోపీనాథ్ కర్తాతో కలిసి కంగారూ తోక నరం మీద ఎక్స్‌రేలు ప్రసరింపజేసి, 1954, 1955లలో నేచర్ పత్రికలో దాని నిర్మాణం బయటపెట్టాడు. మూడు గొలుసులు మూడు పాయల జడలా పెనవేసుకుని ఉన్నాయి. ఆ జడ అంత బిగువుగా కుదరాలంటే గొలుసులో ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ అనే అతి చిన్న అమైనో ఆమ్లమే ఉండాలి. ఇంకేది వచ్చినా లోపల చోటు చాలదు.

ఇక్కడ దినుసుల వాదానికి తగిలే దెబ్బ చూడండి. పుట్టుకతోనే ఎముకలు పెళుసుగా ఉండే పిల్లలున్నారు. ఎత్తుకున్నా, పక్కకు దొర్లినా ఎముక విరుగుతుంది. వాళ్ళలో చాలామందికి జరిగింది ఒక్కటే. వేయికి పైగా అమైనో ఆమ్లాలున్న ఆ గొలుసులో ఒక్క గ్లైసిన్ స్థానంలో వేరొకటి కూర్చుంది. కాల్షియం కొరత లేదు, ఫాస్ఫరస్ కొరత లేదు. పదార్థం తూకం మారలేదు. జడ ఒక చోట సరిగా కుదరలేదు, అంతే, ఎముక నిలబడలేదు. ఆ పిల్లల తల్లిదండ్రులకు ‘పాలు ఎక్కువ తాగించండి’ అని సలహా ఇచ్చేవాళ్ళు దొరుకుతూనే ఉంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

మామూలు ఎముకలో కూడా సగం కథ కాల్షియానిది, సగం కథ కొల్లాజెన్‌ది. ఇది ఇంట్లోనే చూడవచ్చు. కోడి కాలి ఎముకను కొన్ని రోజులు వెనిగర్‌లో నానబెడితే ఖనిజం కరిగిపోతుంది. మిగిలిన దాన్ని వేళ్ళతో వంచవచ్చు. ఇంకో ఎముకను నిప్పుల్లో కాలిస్తే కొల్లాజెన్ పోతుంది. ఖనిజమంతా మిగిలి ఉన్నా చేత్తో నలిపితే పొడి అవుతుంది. ఆ రెండో ఎముకలో కాల్షియం ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. బతికున్న ఎముకలో కొన్ని నానోమీటర్ల మందమున్న ఖనిజపు పలకలు కొల్లాజెన్ పోగుల లోపల, పోగుల మధ్య ఒక వరసలో ఒదిగి ఉంటాయి. పోగులు పొరలై, పొరలు గుండ్రటి స్తంభాలై, ఒక్కో స్తంభం చుట్టూ ఒక సన్నని హద్దు ఉంటుంది. బీటు అక్కడిదాకా వచ్చి, నేరుగా చీల్చుకుపోలేక, హద్దు వెంబడి పక్కకు తిరిగిపోతుంది. తిరిగిన ప్రతిసారీ దాని జోరు తగ్గుతుంది. అందుకే ఎముకను నిలువునా చీల్చడం కంటే అడ్డంగా విరవడం చాలా కష్టం. దినుసు రెండు దిక్కులా ఒకటే.

‘అయితే ఖనిజం పెరిగితే బలం పెరగదా?’ అనే ప్రశ్నకు మన నేల మీదే జవాబు ఉంది. 1937లో షార్ట్ బృందం అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు నీటి జబ్బును వైద్య లోకం దృష్టికి తెచ్చింది. కనిగిరి, దర్శి వైపు ఊళ్ళు, తర్వాత నల్గొండ ఊళ్ళు ఆ నీటితో ఎంత నలిగాయో తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ రోగి వెన్నెముక ఎక్స్‌రే తీస్తే మామూలు ఎముక కంటే తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. ఖనిజం తగ్గలేదు, పెరిగింది. అయినా ఆ మనిషి వంగిపోతాడు, ఎముక నాణ్యత చెడుతుంది. ఇది చాలదన్నట్టు, ఇదే ఫ్లోరైడును ఎముకలు గుల్లబారిన వృద్ధ స్త్రీలకు మందుగా ఇచ్చి చూసిన అమెరికా పరిశోధన ఒకటుంది. రిగ్స్ బృందం 1990లో ఫలితాలు ప్రచురించింది. నాలుగేళ్ళలో నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. చేతులు, తుంటి వంటి మిగతా ఎముకలు విరగడం దాదాపు మూడు రెట్లయింది. సాంద్రతే బలమని నమ్మేవాళ్ళు ఈ ఒక్క ఫలితం ముందు కూర్చుని ఆలోచించాలి.

కాల్షియం వద్దని నేను అనడం లేదు. లోటున్నవాళ్ళకు అది కావాలి, విటమిన్ డి కావాలి, డాక్టరు రాసిన మాత్ర మానకూడదు. నా తగవు స్కాన్ కాగితం మీది ఒక్క అంకెను పట్టుకుని ‘మీ ఎముకలు భేష్’ అనో, ‘మీ పని అయిపోయింది’ అనో తేల్చేసే అలవాటుతో. ఎముకలు గుల్లబారాయని తేల్చే మైనస్ 2.5 అనే సాంద్రత గీత ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1994లో గీసింది. ఎముక విరిగి వచ్చేవాళ్ళలో చాలామంది ఆ గీతకు ఇవతలే ఉంటారు. ఎముక విరిగే ముప్పును అంచనా వేయడానికి వైద్యులు వాడే ఫ్రాక్స్ లెక్క వయసును అడుగుతుంది, ఇదివరకు ఎముక విరిగిందా అని అడుగుతుంది, తల్లికో తండ్రికో తుంటి విరిగిందా అని అడుగుతుంది, స్టెరాయిడ్లు వాడారా అని అడుగుతుంది. స్కాన్ లేకపోయినా ఆ లెక్క వేయవచ్చు. ఎందుకంటే ఎముక లోపలి అమరిక ఎలా ఉందో సాంద్రత ఒక్కటే చెప్పలేదు.

ఇప్పుడు స్టీలు కొట్టుకు వద్దాం. ఈ నమ్మకం అక్కడే ఎక్కువ డబ్బు తింటోంది.

ఈ రోజు మన ఇళ్ళలో పడే ఊచ టీఎంటీ. దాని బలం ఎలా వస్తుందో కొనేవాళ్ళలో నూటికి తొంభైమంది అడగరు. మిల్లులో ఎర్రగా కాలిన ఊచ ఆఖరి రోలరు దాటగానే నీటి గొట్టాల్లోంచి దూసుకుపోతుంది. పై పొర ఒక్కసారిగా చల్లబడి మార్టెన్సైట్ అనే గట్టి, పెళుసు నిర్మాణంగా మారుతుంది. లోపల ఇంకా నిప్పే. బయటికొచ్చాక ఆ లోపలి వేడి పైకి పాకి, పెళుసు పొరను మళ్ళీ కాచి, దాని పెళుసుతనం తగ్గిస్తుంది. నడిమి భాగం నెమ్మదిగా చల్లారి మెత్తగా, సాగేలా తయారవుతుంది. నీళ్ళూ, గడియారమూ చేసిన పని ఇది. అదే ఉక్కును, అదే కార్బన్ పాలుతో, గాలికి చల్లారనిస్తే ఈ బలం రాదు. నమ్మకం లేకపోతే ఒక ఊచను అడ్డంగా కోయించి, కోసిన ముఖాన్ని సన్నటి కాగితంతో నున్నగా రుద్ది, నైట్రిక్ ఆమ్లం కలిపిన స్పిరిటు రెండు చుక్కలు వేయించండి. ఆ పని తెలిసినవాళ్ళ చేతనే వేయించండి. కొద్దిసేపట్లో అంచు చుట్టూ నల్లటి ఉంగరం తేలుతుంది, మధ్యలో లేత రంగు మిగులుతుంది. ఉంగరం చుట్టూ సమంగా ఉంటే మిల్లులో నీళ్ళు సరిగా తగిలాయని అర్థం. ఒక పక్క మందంగా, ఇంకో పక్క తెగిపోయి ఉంటే, ఆ ఊచ ఎంత మంచి ఖనిజం నుంచి పుట్టినా మంచి ఊచ కాదు.

ఈ సంగతి తెలియకే కట్టడం దగ్గర జరగరానివి జరుగుతున్నాయి. లావు ఊచ వంగడం లేదని మంట పెట్టి ఎర్రగా కాల్చి వంచుతారు; కాల్చిన చోట ఉంగరం చేసిన మేలు మంటలో కలుస్తుంది. బోల్టు కావాలని ఊచను లేతు మీద తిప్పి పై పొర గీకి మర వేస్తారు. గీకింది సరిగ్గా ఆ బలమైన పొరనే. పాత రోజుల్లో వాడిన మెలిపెట్టిన టోర్ ఊచ కూడా ఇంతే. చల్లటి ఇనుమును మెలిపెట్టడం వల్ల వచ్చిన బలం అది, కాలిస్తే పోతుంది. ‘ఇనుము ఇనుమే కదా, కాలిస్తే ఏమవుతుంది’ అని మేస్త్రి అంటే, అతను దినుసుల వాదమే మాట్లాడుతున్నాడు. ఆ వాదం అతనికి నేర్పింది మనమే.

ఇంకో మూఢత్వం, ఊచ రకం బలాన్ని చెప్పే అంకె పెద్దదైతే మేలనుకోవడం. 500 కంటే 550, 550 కంటే 600 గొప్పవని ధర పెంచి అమ్ముతారు. ఐఎస్ 1786 అనే ప్రమాణం, 2008 ప్రతి, తీసి చూడండి. 600 రకం తెగేలోపు కనీసం 10 శాతం సాగితే చాలు. 500డి రకం 16 శాతం సాగాలి. డి అక్షరం సాగే గుణానికి గుర్తు. చెన్నైని 2002లో రెండో భూకంప జోన్ నుంచి మూడో జోన్‌లోకి మార్చారు. నేల ఊగినప్పుడు ఇంటిని కాపాడేది ఊచ వంగి, సాగి, ఆ ఊపును మింగగలగడం. గట్టిగా ఉండి పుటుక్కున తెగేది ఆ రాత్రి ఎవరికీ అక్కరకు రాదు.

దినుసుల వాదులకు ఒక మంచి జవాబు ఉంది, దాన్ని దాటవేయను. గంధకం, భాస్వరం ఎక్కువైతే ఉక్కు చెడుతుంది, అందుకే తుక్కు ఇనుము మీద అనుమానం అంటారు. చెడుతుంది, నిజం. ఆ ప్రమాణమే 500డి రకానికి ఒక్కొక్కటి 0.040 శాతం మించకూడదని హద్దు పెట్టింది. కానీ ఎలా చెడుతుందో అడగండి. ఉక్కు అంతా చిన్న చిన్న స్ఫటిక రేణువుల కూర్పు. గంధకం ఇనుముతో కలిసి ఆ రేణువుల హద్దుల్లో సన్నని పొరగా పరుచుకుంటుంది. వేడి చేస్తే ముందు ఆ పొరే కరుగుతుంది, సుత్తి దెబ్బకు రేణువులు విడిపోతాయి. అందుకే మాంగనీసు కలుపుతారు. మాంగనీసు గంధకాన్ని తీసేయదు. దాన్ని హద్దుల్లోంచి లాగి, విడి విడి గుళికలుగా మార్చి పక్కన పెడుతుంది. గంధకం పాలు అంతే ఉంది, ఉన్న చోటు మారింది, ఉక్కు కొలిమికి తట్టుకుంది. భాస్వరమూ రేణువుల హద్దుల్లో చేరినప్పుడే ఎక్కువ కీడు చేస్తుంది. వాళ్ళ జవాబు నా వాదననే నిలబెడుతోంది. అసలు దినుసే సర్వస్వమైతే లోహం ఇప్పటికంటే ఎన్నో రెట్లు బలంగా ఉండాలి. అణువుల బంధాలను బట్టి లెక్కేస్తే వచ్చే బలంలో మెత్తని లోహపు స్ఫటికం చూపేది వెయ్యో వంతు కూడా ఉండకపోవచ్చు. ఎందుకో 1934లో టేలర్, ఒరోవన్, పోలాన్యీ ముగ్గురూ వేర్వేరుగా చెప్పారు. అణువుల వరసల్లో తెగిన చోట్లుంటాయి, ఆ తెగుళ్ళు పాకుతూ లోహాన్ని వంచుతాయి. రేణువులు ఎంత చిన్నవైతే ఆ పాకుడుకు అన్ని అడ్డుగోడలు. 1950ల మొదట్లో హాల్, పెచ్ దీన్ని కొలిచి చూపించారు. చిటికెడు కొత్త దినుసు కలపకుండా రేణువులను సన్నం చేస్తే చాలు, ఉక్కు బలమూ పెరుగుతుంది, పెళుసుతనమూ తగ్గుతుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మన ఉక్కు చరిత్ర గురించి మనం చెప్పుకునే తీరు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో వండిన ఉక్కు పర్షియా దాకా పోయేది. 1820 ప్రాంతంలో ఆ పని చూసిన హెన్రీ వోయ్సీ వివరాలు 1832లో కలకత్తాలో అచ్చయ్యాయి. పర్షియా వర్తకులు ఆ ఊళ్ళోనే ఉండి సరుకు కొనేవారని, తమ దేశంలో అలాంటి ఉక్కు చేయబోయి విఫలమయ్యారని అందులో ఉంది. అదే కాలంలో లండన్‌లో మైకేల్ ఫారడే మన ఉక్కు ముక్కను పరీక్షించి, అందులోని అల్యూమినా, సిలికాల వల్లే దానికి ఆ గుణం వచ్చిందనుకున్నాడు. కమ్మరి కొడుకు, ప్రపంచం గర్వించే శాస్త్రవేత్త, ఆయన కూడా రహస్య దినుసు కోసమే వెతికాడు. ఉక్కు ముఖాన్ని ఆమ్లంతో కడిగి సూక్ష్మదర్శినిలో చూడడం షెఫీల్డ్‌లో హెన్రీ సార్బీ మొదలుపెట్టింది 1860లలో. ఫారడే చేతిలో ఆ పనిముట్టు లేదు. మన చేతిలో ఉంది. అయినా మనం అదే వెతుకుతున్నాం. 2006లో జర్మనీలోని ద్రెస్దెన్ పరిశోధకులు ఇలాంటి ఉక్కుతో చేసిన ఒక డమాస్కస్ కత్తి ముక్కలో కార్బన్ నానో గొట్టాలు కనిపించాయని నేచర్‌లో రాయగానే, మన పత్రికలు ‘పూర్వీకులకు నానో విద్య తెలుసు’ అని పండగ చేసుకున్నాయి. దినుసు దొరికింది, ఇక ఆలోచించక్కర్లేదు.

ఆలోచించాల్సింది ఇది. ఆ ఉక్కులో కార్బన్ ఒకటిన్నర శాతానికి అటూ ఇటూ. ఆ పాలుతో ఉక్కు పెళుసుగా ఉండి తీరాలి. యూరప్ కమ్మరులు అలవాటు ప్రకారం తెల్లగా కాల్చి కొట్టినప్పుడు సుత్తి కిందే చిట్లిపోయింది. తక్కువ ఎరుపులో, ఓపికగా, కాల్చి కొట్టి, కాల్చి కొట్టి సాగదీస్తేనే దారికొచ్చింది. 1990లలో వెర్హోవెన్ అనే లోహశాస్త్రజ్ఞుడు, పెండ్రే అనే కత్తుల కమ్మరి కలిసి ఆ ఉక్కును మళ్ళీ చేసి చూశారు. వెనేడియం వంటి మూలకాలు అతి స్వల్పంగా ఉండాలని తేల్చారు కాబట్టి దినుసుల వాదులు వాళ్ళను తమ పక్షం అనుకుంటారు. ముందుకు చదవాలి. ఆ కత్తి మీది నీటి అలల గీతలు కార్బైడు గుళికలు వరసల్లో చేరడం వల్ల వచ్చినవి. ఎక్కువ వేడి చేసి చల్లారిస్తే ఆ వరసలు చెరిగిపోయాయి. మళ్ళీ సరైన వేడిలో కాలుస్తూ చల్లారుస్తూ పోతే తిరిగి వచ్చాయి. దినుసు ఒక్క పిసరు మారకుండా బొమ్మ పోయింది, వచ్చింది. కోనసముద్రం మూసను అంత నెమ్మదిగా చల్లార్చిన చేతికి, తక్కువ ఎరుపును కంటితో పట్టిన కమ్మరికి దక్కాల్సిన పేరును మనం ఒక నానో గొట్టానికి ఇచ్చేశాం.

‘ఇదంతా తెలుసుకుని మామూలు మనిషి ఏం చేస్తాడు?’ అంటారు. చేయగలిగింది ఉంది. ఊచలతో పాటు మిల్లు పరీక్ష కాగితం వస్తుంది. పైన కార్బన్, గంధకం, భాస్వరం అంకెలు. మనం అవి చూసి కాగితం మడిచేస్తాం. కింద సాగిన శాతం, వంపు పరీక్ష, తిరుగు వంపు పరీక్ష ఉంటాయి. తిరుగు వంపు అంటే ఊచను 135 డిగ్రీల కోణానికి వంచి, అరగంట మరిగే నీళ్ళలో ఉంచి, చల్లారాక మళ్ళీ 157.5 డిగ్రీలకు తిరిగి తెరుస్తారు. వంపు బయటి వైపు పగులు కనిపించకూడదు. కాగితంలో ఆ వరస ఖాళీగా ఉంటే సరుకు దించకముందే కొట్టతన్ని అడగండి. అనుమానం తీరకపోతే లాటులోంచి మీరు ఏరిన ఊచనే, అతను ఇచ్చింది కాదు, పరీక్షశాలకు పంపండి.